తప్పు ఎదుటివారిది, మరమ్మతు ఖర్చు ఎవరిది?

పాఠకుల న్యాయ సందేహాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు వాహన ప్రమాదాల గురించే ఉన్నాయి. వాటిలోనూ ఒక పోలిక కనిపించింది. రాసిన వారెవరూ ప్రమాదం జరిగినప్పుడు తప్పు చేసినవారు కారు. ఒకరి కారును మరొకరు గుద్దారు, ఒకరి కారును బంధువు తీసుకువెళ్లి ప్రమాదం చేశాడు, ఇంకొకరు ఎప్పుడో అమ్మేసిన కారు ఇప్పుడు కోర్టు నోటీసుగా తిరిగి వచ్చింది. అందుకే ఈ నెల శీర్షికను ఆ ప్రశ్నలకే కేటాయిస్తున్నాం. పాఠకుల కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్ పడి ఆగి ఉన్న నా కారును వెనుక నుంచి మరో కారు గుద్దింది. డిక్కీ తలుపు సొట్టపోయింది, బంపర్ పగిలింది. అదృష్టవశాత్తు ఎవరికీ దెబ్బలు తగలలేదు. ఆ కారు ఆయన అక్కడే తప్పు ఒప్పుకొని, తన బీమా కంపెనీ నుంచి డబ్బు తీసుకోమని పాలసీ కాపీ ఫొటో పంపించారు. ఆ కంపెనీకి ఫోన్ చేస్తే ట్రైబ్యునల్ ఉత్తర్వు ఉంటే తప్ప చెల్లించలేమన్నారు. వర్క్‌షాప్‌లో 60,000 రూపాయల అంచనా ఇచ్చారు. నాలుగేళ్లుగా నేను ఒక్క క్లెయిమ్ కూడా చేయలేదు. నా తప్పు లేనప్పుడు నా పాలసీ మీద క్లెయిమ్ చేసి ఎన్‌సీబీ (క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో వచ్చే రాయితీ) ఎందుకు పోగొట్టుకోవాలి?
(ఒక పాఠకుడు, విజయవాడ)

జవాబు: మీ బాధలో న్యాయం ఉంది, చట్టం కూడా మీ పక్షానే ఉంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 146వ సెక్షన్ ప్రకారం రోడ్డు మీద తిరిగే వాహనానికి థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. ఆ వాహనం వల్ల నష్టపోయిన బయటివారికి, అంటే మీలాంటివారికి, పరిహారం అందాలన్నదే దాని ఉద్దేశం. ఈ బీమా ప్రాణనష్టానికీ గాయాలకూ మాత్రమేనని చాలామంది అనుకుంటారు గానీ, ఆస్తి నష్టానికి కూడా వర్తిస్తుంది. కార్ల పాలసీల్లో ఆస్తి నష్టం పరిమితి సాధారణంగా 7,50,000 రూపాయలు ఉంటుంది. ప్రీమియంలో కొద్దిపాటి తగ్గింపు కోసం దీన్ని 6,000 రూపాయలకు కుదించుకునే వెసులుబాటు కూడా ఉంది కాబట్టి, ఆయన పంపిన ఫొటోలో ఆ అంకె ఎంత ఉందో ముందుగా చూడండి. అది 6,000 అయితే మిగిలినదంతా ఆయన సొంత జేబు నుంచి రావలసిందే.

అయితే ఆ కంపెనీ ఉద్యోగి మీకు చెప్పినది తప్పించుకునే మాట కాదు. ఆ కంపెనీకీ మీకూ మధ్య ఒప్పందమేదీ లేదు. నష్టపరిహారం చెల్లించే బాధ్యత మొదట ఆ కారు నడిపిన వ్యక్తిదీ, కారు యజమానిదీ. ఆ బాధ్యత ఎంతో మోటారు ప్రమాద క్లెయిముల ట్రైబ్యునల్ తేల్చిన తరువాత, యజమాని తరఫున ఆ సొమ్ము కట్టడం కంపెనీ పని. వర్క్‌షాప్ బిల్లును నేరుగా వారికి పంపిస్తే చెక్కు వచ్చే ఏర్పాటు మన దగ్గర లేదు. ఇదే కారణంగా ఆ కంపెనీ మీద బీమా ఫిర్యాదులు పరిష్కరించే అధికారి అయిన బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేసినా ఫలితం ఉండదు, ఎందుకంటే అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లగలిగేది తన సొంత బీమా కంపెనీతో పేచీ ఉన్న పాలసీదారు మాత్రమే.

కాబట్టి మీ ముందు రెండు దారులు ఉన్నాయి. ఒకటి మీ సొంత పాలసీలోని ఓన్ డ్యామేజీ (సొంత కారు నష్టానికి వర్తించే) భాగం కింద క్లెయిమ్ చేసి కారు బాగుచేయించుకోవడం, రెండవది ట్రైబ్యునల్‌లో ఎదుటి డ్రైవరునూ యజమానినీ బీమా కంపెనీనీ ప్రతివాదులుగా చేర్చి 166వ సెక్షన్ కింద దరఖాస్తు వేయడం. మొదటిది త్వరగా పూర్తవుతుంది గానీ సొమ్ము పూర్తిగా రాదు. రెండవది పూర్తి సొమ్ము కోసం గానీ, ఎన్నాళ్లకు తేలుతుందో ఎవరూ చెప్పలేరు. ఏది మేలో కోపం మీద కాక లెక్క మీద నిర్ణయించుకోవాలి. మీరు బిల్లు వివరం రాయలేదు కనుక ఒక ఉదాహరణ తీసుకుందాం.

మీ కారు వయసు నాలుగేళ్లు దాటి ఐదేళ్ల లోపు ఉందనీ, ఇంజన్ 1500 సీసీ మించలేదనీ, పాలసీలో జీరో డిప్రిసియేషన్ (తరుగు తీయకుండా చెల్లించే అదనపు రక్షణ) లేదనీ అనుకోండి. 60,000లో బంపర్ 14,000, డిక్కీ తలుపు 20,000, పెయింటింగ్ 16,000, కూలి 10,000 అయితే, ప్లాస్టిక్ భాగాల మీద 50 శాతం తరుగు తీస్తారు కనుక బంపర్‌కు 7,000 వస్తుంది. ఆ వయసు కారుకు లోహ భాగాల మీద తరుగు 35 శాతం కనుక తలుపుకు 13,000 వస్తుంది. పెయింటింగ్‌లో నాలుగో వంతును రంగు ఖరీదుగా లెక్కగట్టి, అందులో సగం తీసేస్తారు కనుక 14,000 వస్తుంది. కూలి పూర్తిగా వస్తుంది. మొత్తం 44,000. అందులోంచి పాలసీదారు తప్పనిసరిగా భరించవలసిన 1,000 పోగా చేతికి అందేది 43,000, మీరు కట్టుకోవలసింది 17,000. జీరో డిప్రిసియేషన్ ఉంటే దాదాపు ఆ 1,000తోనూ చిన్నాచితకా సామగ్రి ఖర్చుతోనూ బయటపడతారు.

ఇక ఎన్‌సీబీ సంగతి. తప్పు ఎవరిదైనా ఓన్ డ్యామేజీ క్లెయిమ్ చేస్తే ఆ రాయితీ మరుసటి రెన్యువల్‌కు సున్నా అవుతుంది, తప్పు చేయని వారికి ఇందులో మినహాయింపు లేదు. ఇది అన్యాయంగా అనిపిస్తుంది, నా అభిప్రాయంలో కొంత అన్యాయమే కూడా, కానీ ఈ రాయితీని క్లెయిమ్ చేయనందుకే ఇస్తారు, జాగ్రత్తగా నడిపినందుకు కాదు. నాలుగేళ్లు పూర్తయినవారికి 45 శాతం, ఐదేళ్లకు 50 శాతం ఉంటుంది. మీ ఓన్ డ్యామేజీ ప్రీమియం రాయితీకి ముందు 10,000 అనుకుంటే, క్లెయిమ్ చేయకపోతే ఈ ఏడాదితో ఐదేళ్లు పూర్తవుతాయి కనుక వచ్చే ఏడాది నుంచి ఏటా 5,000 కడతారు. క్లెయిమ్ చేస్తే వరుసగా 10,000, 8,000, 7,500, 6,500, 5,500 కడతారు. ఐదేళ్లలో మొత్తం తేడా 12,500. థర్డ్ పార్టీ ప్రీమియానికీ ఎన్‌సీబీకీ సంబంధం లేదు కనుక ఆ భాగంలో మార్పేమీ రాదు. 12,500 వదులుకొని 43,000 పొందడం లాభసాటే. అదే బిల్లు 15,000 అయి ఉంటే క్లెయిమ్ చేయవద్దని చెప్పేవాణ్ణి.

అందుచేత మీ కేసులో నా సలహా ఏమిటంటే, సొంత పాలసీ మీద క్లెయిమ్ చేసి కారు బాగుచేయించుకోండి, చేతి నుంచి పడిన 17,000 మాత్రం ఎదుటి యజమానిని లిఖితపూర్వకంగా అడగండి. తప్పు ఒప్పుకున్న మనిషి కనుక ఇచ్చే అవకాశం లేకపోలేదు. ఇవ్వకపోతే ఆ మేరకే ట్రైబ్యునల్‌కు వెళ్లవచ్చు. మీ కంపెనీ చెల్లించిన 43,000ను మీరు మళ్లీ అవతలివారి దగ్గర వసూలు చేయకూడదు, ఆ సొమ్ము రాబట్టుకునే హక్కు చెల్లింపుతో పాటే మీ కంపెనీకి వెళ్తుంది. క్లెయిమ్ పరిష్కారానికి ముందు ఆయనకు పూర్తి చెల్లు రాసిచ్చారంటే మీ కంపెనీ హక్కుకు గండి కొట్టినట్లవుతుంది, దాన్ని సాకుగా చూపి మీ క్లెయిమ్‌నే ఆపవచ్చు కూడా.

ట్రైబ్యునల్‌కు వెళ్లేవారు గడువును గుర్తుంచుకోవాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోగా దరఖాస్తు వేయాలి. ఈ గడువును ప్రశ్నించే వ్యాజ్యాలు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి గానీ, వాటిని నమ్ముకొని ఆలస్యం చేయకండి. ప్రమాదం జరిగిన చోటే వేయాలన్న నియమం లేదు. మీరు నివసించే ప్రాంతపు ట్రైబ్యునల్‌లోనైనా వేయవచ్చు. ఆస్తి నష్టం 2,000 రూపాయలు దాటితే సివిల్ కోర్టును ఆశ్రయించే ఐచ్ఛికం కూడా చట్టం ఇచ్చింది. ఈ రోజుల్లో 2,000 రూపాయలకు కారు పక్క అద్దం కూడా రాదు, అయినా చట్టంలో ఆ అంకె అలాగే ఉండిపోయింది.

ఏ దారి పట్టినా ఆధారాలు మీ దగ్గర ఉండాలి. ఎవరికీ గాయాలు కాని ప్రమాదాల్లో పోలీసులు ఎఫ్‌ఐఆర్ కట్టడానికి ఆసక్తి చూపరు, మాట్లాడుకొని వెళ్లిపొమ్మంటారు. అయినా లిఖితపూర్వక ఫిర్యాదు ఇచ్చి రశీదు తీసుకోండి. ఫిర్యాదు నమోదు చేయకపోతే భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ కింద దాన్ని ఎస్పీకి పోస్టులో పంపవచ్చు. రెండు కార్ల నంబర్లు కనిపించేలా తీసిన ఫొటోలు, డాష్‌క్యామ్ ఉంటే ఆ వీడియో, నష్టాన్ని అంచనా వేసే సర్వేయర్ నివేదిక నకలు, అసలు బిల్లులు దాచుకోండి. ఎదుటి వాహనం వివరాలు, బీమా వివరాలు దొరకకపోతే పరిహారం కోరే వ్యక్తి అడిగినప్పుడు వాటిని ఇవ్వవలసిన బాధ్యత మోటారు వాహనాల చట్టం 160వ సెక్షన్ కింద రవాణా శాఖ మీద, పోలీసు స్టేషన్ మీద ఉంది. మీ కంపెనీకి ఇంకా తెలియజేయకపోతే ఈ రోజే తెలియజేయండి. సరైన కారణం ఉన్న ఆలస్యాన్ని మాత్రమే చూపి క్లెయిమ్‌ను తిరస్కరించకూడదని బీమా నియంత్రణ సంస్థ 2011 సెప్టెంబరులోనే కంపెనీలకు చెప్పింది గానీ, ఆలస్యమైతే దానికి మీరు సంజాయిషీ రాసివ్వక తప్పదు. సర్వేయర్ చూడకముందే మరమ్మతు మొదలుపెట్టించవద్దు.

గుద్దినవారు ఆగకుండా పారిపోతే ఏమిటని ఇదే ఉత్తరంలో మరో సందేహం అడిగారు. గుర్తు తెలియని వాహనం గుద్ది మనిషి చనిపోతే 2,00,000, తీవ్రంగా గాయపడితే 50,000 రూపాయలు చెల్లించే ప్రభుత్వ పథకం ఉంది. కారు నష్టానికి మాత్రం అలాంటిదేమీ లేదు. అప్పుడు మీ ఓన్ డ్యామేజీ పాలసీ ఒక్కటే దిక్కు. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే తీసుకున్నవారికి అదీ లేదు.

ప్రశ్న: మా మేనల్లుడు పెళ్లి పనుల కోసం నా కారు అడిగి తీసుకువెళ్లాడు. నంద్యాల నుంచి కర్నూలు వెళ్తుండగా స్కూటర్‌ను గుద్దాడు. స్కూటర్ మీదున్న ఇద్దరికీ గాయాలయ్యాయి, ఒకరికి కాలు విరిగింది. మావాడి చేయి కూడా విరిగింది. లైసెన్సు ఉంది. పోలీసులు కారు ఆపేశారు. నేను ఆ రోజు ఊళ్లోనే లేను. కేసు నా మీదకు వస్తుందా? నా పాలసీ పనికొస్తుందా? స్కూటర్ వాళ్ల బంధువులు మూడు లక్షలిస్తే కేసు లేకుండా చేస్తామంటున్నారు.
(ఒక పాఠకుడు, నంద్యాల జిల్లా)

జవాబు: కేసు అనే మాటతో రెండు వేర్వేరు విషయాలను మీరు కలిపి భయపడుతున్నారు. నిర్లక్ష్యంగా నడిపి గాయపరిచినందుకు భారతీయ న్యాయ సంహిత 281, 125 సెక్షన్ల కింద పెట్టే క్రిమినల్ కేసు నడిపిన వ్యక్తి మీదే ఉంటుంది. కారు మీ పేర ఉన్నంత మాత్రాన మీరు అందులో నిందితులు కారు. లైసెన్సు లేనివాడికి కారు ఇచ్చి ఉంటే మీకు 5,000 రూపాయల జరిమానా, మూడు నెలల వరకు జైలు పడే అవకాశం ఉండేది. మైనరుకు ఇచ్చి ఉంటే మూడేళ్ల జైలు, 25,000 జరిమానా, ఏడాది పాటు రిజిస్ట్రేషన్ రద్దు. మీ మేనల్లుడికి లైసెన్సు ఉంది కనుక ఆ బెడద లేదు.

నష్టపరిహారం దగ్గరికి వస్తే మాత్రం యజమానిగా మీరు మొదటి వరుసలో ఉంటారు. మీ అనుమతితో కారు నడిపిన వ్యక్తి చేసిన తప్పుకు మీరూ బాధ్యులే. ఊళ్లో ఉన్నారా లేరా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. అయితే మీ పాలసీ మీరు నడిపినప్పుడు మాత్రమే పనిచేసేది కాదు. చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండి, మీ అనుమతితో నడిపే ఎవరికైనా అది వర్తిస్తుంది. కాబట్టి స్కూటర్ మీదున్న ఇద్దరికీ ట్రైబ్యునల్ నిర్ణయించే పరిహారం మీ కంపెనీ చెల్లిస్తుంది. గాయాలకూ మరణాలకూ ఇచ్చే పరిహారంలో కంపెనీ బాధ్యతకు పరిమితి లేదు.

ఒక్క విషయం తేల్చుకోండి. మీ మేనల్లుడు మద్యం తాగి ఉన్నాడా? వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు మించి ఆల్కహాల్ ఉంటే అది మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద నేరం. అప్పుడు మీ కారు నష్టానికి కంపెనీ పైసా ఇవ్వదు, గాయపడినవారి పరిహారం విషయంలో కూడా అభ్యంతరం చెప్పే అవకాశం 2019 సవరణ తరువాత కంపెనీకి వచ్చింది. లైసెన్సు చెల్లకపోవడం వంటి షరతుల ఉల్లంఘనలు ఉన్న కేసుల్లో న్యాయస్థానాలు చాలాకాలంగా అనుసరిస్తున్న పద్ధతి ఒకటి ఉంది. కంపెనీ ముందు బాధితుడికి చెల్లించి, తరువాత ఆ సొమ్మును యజమాని దగ్గర వసూలు చేసుకోవాలంటారు. సుప్రీంకోర్టు 2004లో స్వరణ్ సింగ్ కేసులో ఈ పద్ధతిని విస్తృతంగా చర్చించింది. బాధితుడికి ఇది మేలు గానీ, యజమానికి భారం తప్పదు. కారు అడిగినవాడు మేనల్లుడైనా సరే, లైసెన్సు గడువు తేదీ చూసి తాళాలు ఇవ్వడం మర్యాద తప్పడం కాదు.

మీ మేనల్లుడి చేయి సంగతి వేరు. కారు అడిగి తీసుకువెళ్లి నడిపే వ్యక్తి చట్టం దృష్టిలో యజమాని స్థానంలో ఉన్నట్లేననీ, తన తప్పు వల్ల తనకు తగిలిన గాయానికి అదే కారు పాలసీ కింద బయటివాడిగా పరిహారం కోరలేడనీ సుప్రీంకోర్టు 2009లో చెప్పింది. పాలసీతో పాటు వచ్చే 15,00,000 రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా పాలసీదారు అయిన యజమానికే గానీ అతనికి రాదు. అదనపు ప్రీమియం కట్టి ఇతరులకు కూడా ప్రమాద బీమా తీసుకొని ఉంటే ఆ మేరకు వస్తుంది. అతని పక్కన కూర్చున్నవారికి ఏమైనా దెబ్బలు తగిలి ఉంటే, మీది థర్డ్ పార్టీ, ఓన్ డ్యామేజీ రెండూ కలిసిన ప్యాకేజీ పాలసీ అయినప్పుడు వారికి రక్షణ ఉంటుంది, థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే అయితే ఉండదు. ఈ తేడా ప్రమాదం జరిగాకే చాలామందికి తెలుస్తోంది. చికిత్స విషయంలో మాత్రం తప్పొప్పులతో పని లేదు. 2025 మే నుంచి అమల్లో ఉన్న కేంద్ర పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ప్రమాదం నాటి నుంచి ఏడు రోజుల వరకు, 1,50,000 రూపాయల దాకా నగదు రహిత చికిత్స లభిస్తుంది.

ఇప్పుడు ఆ మూడు లక్షల బేరం. ఇవ్వవద్దు. కంపెనీ లిఖితపూర్వక అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోవడం, సొమ్ము ఇస్తానని మాట ఇవ్వడం పాలసీ షరతులకు విరుద్ధం. మీరు ఇచ్చిన మూడు లక్షలను కంపెనీ మీకు తిరిగి ఇవ్వదు. పైగా ఆ ఇద్దరూ రేపు ట్రైబ్యునల్‌కు వెళ్లకుండా ఆ కాగితం ఆపలేదు. తప్పు నిరూపణతో పని లేకుండానే 164వ సెక్షన్ కింద తీవ్ర గాయానికి 2,50,000, మరణానికి 5,00,000 రూపాయలు కోరే హక్కు బాధితులకు ఉంది, ఎముక విరగడం తీవ్ర గాయమే. పోలీసులు ప్రమాదం గురించి 48 గంటల్లో తొలి నివేదిక, 90 రోజుల్లో వివరమైన నివేదిక ట్రైబ్యునల్‌కు పంపాలి, ఆ నివేదికనే ట్రైబ్యునల్ పరిహార దరఖాస్తుగా స్వీకరించవచ్చు. కాబట్టి మీరు చేయవలసింది స్కూటర్ వారి కుటుంబానికి మీ పాలసీ నకలు ఇచ్చి, త్వరగా దరఖాస్తు వేయమని చెప్పడం, మీ కంపెనీకి వెంటనే సమాచారం ఇవ్వడం. ఇరుపక్షాలూ కంపెనీతో సహా అంగీకరిస్తే లోక్ అదాలత్‌లో రాజీ చేసుకోవచ్చు, అక్కడి అవార్డు మీద అప్పీలు ఉండదు. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ తనిఖీ పూర్తయ్యాక కారు విడుదలకు దరఖాస్తు పెట్టుకోండి. మానవత్వంతో ఆసుపత్రి ఖర్చుకు కొంత సహాయం చేయాలనిపిస్తే, కంపెనీకి తెలియజేసి, తప్పు ఒప్పుకోలు ఏదీ రాయకుండా చేయండి.

ప్రశ్న: మూడేళ్ల క్రితం నా పాత కారును హైదరాబాద్‌లో ఒక బ్రోకరు ద్వారా అమ్మేశాను. సంతకాలు చేసిన ఫారాలు ఇచ్చాను, డబ్బు తీసుకున్నాను. ఇప్పుడు ఆ కారు రాయచూరు దగ్గర ఎవరినో గుద్దిందట, ట్రైబ్యునల్ నుంచి నాకు నోటీసు వచ్చింది. కారుకు బీమా కూడా లేదంటున్నారు. అమ్మిన కాగితం నా దగ్గర ఉంది. అది చూపిస్తే సరిపోతుందా?
(ఒక పాఠకురాలు, హనుమకొండ)

జవాబు: సరిపోదని చెప్పడానికి విచారిస్తున్నాను. పరిహారం విషయంలో యజమాని అంటే రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరు ఉందో వారే. కారు ఒకరి నుంచి ఒకరికి చేతులు మారి, చివరికి ప్రమాదం చేసిన ఒక కేసులో, రిజిస్టరులో పేరు ఉన్న మొదటి యజమానే బాధ్యుడని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో తీర్పు ఇచ్చింది. గాయపడిన మనిషి అమ్మకపు కాగితాల వెంట ఒక్కొక్కరి ఇంటికీ తిరగనవసరం లేదన్నది ఆ తీర్పు సారాంశం. బాధితుడి వైపు నుంచి చూస్తే అది సబబే.

అయినా నోటీసును పక్కన పడేయవద్దు. హాజరు కాకపోతే ఏకపక్షంగా తీర్పు వస్తుంది, బీమా లేని కారు కనుక ఆ సొమ్ము నేరుగా మీ ఆస్తుల మీద పడుతుంది. న్యాయవాది ద్వారా హాజరై, అమ్మకపు కాగితం, డబ్బు బ్యాంకులో పడిన ఆధారం, బ్రోకరుతో జరిగిన సందేశాలు దాఖలు చేసి, ప్రస్తుతం కారు ఎవరి చేతిలో ఉందో వారినీ బ్రోకరునూ ప్రతివాదులుగా చేర్చమని కోరండి. మీరు చెల్లించవలసి వచ్చినా, ఆ సొమ్మును కొన్నవారి దగ్గర రాబట్టుకోవడానికి అవే కాగితాలు పునాది. న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేకపోయినా, మహిళగా మీకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ నుంచి ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది, ఆదాయంతో నిమిత్తం లేదు.

కారు అమ్మబోయే ఇతర పాఠకుల కోసం రెండు మాటలు. ఒకే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లోగా అమ్మినవారు రవాణా శాఖకు తెలియజేయాలి. ఫారం 29 (అమ్మకాన్ని తెలియజేసే పత్రం) మీద సంతకం చేసి బ్రోకరు చేతిలో పెట్టడం తెలియజేసినట్లు కాదు. 2023 ఏప్రిల్ నుంచి అధీకృత పాత కార్ల డీలరుకు అప్పగిస్తే, ఆ అప్పగింతను పోర్టల్‌లో నమోదు చేసే ఏర్పాటు వచ్చింది. అప్పటి నుంచి డీలరే యజమానిగా పరిగణన పొందుతాడు కనుక అలాంటి డీలరును ఎంచుకోవడం మేలు. కొనేవారికీ ఒక హెచ్చరిక: కారుతో పాటు థర్డ్ పార్టీ బీమా 157వ సెక్షన్ కింద దానంతట అదే మీకు బదిలీ అయినట్లు భావిస్తారు గానీ, ఓన్ డ్యామేజీ భాగం అలా కాదు. 14 రోజుల్లో మీ పేరుకు మార్పించుకోకపోతే మీ కారుకు జరిగిన నష్టానికి క్లెయిమ్ రాదు. పాత యజమాని ఎన్‌సీబీ మీకు రాదు, అది మనిషికి చెందినదే గానీ కారుకు కాదు.

ప్రశ్న: సర్వీసుకు ఇచ్చిన నా కారును టెస్ట్ డ్రైవ్ పేరుతో మెకానిక్ బయటకు తీసుకువెళ్లి ఆటోను గుద్దాడు. సర్వీస్ సెంటర్ వాళ్లు మీ ఇన్సూరెన్స్‌లో చేయించుకుందాం అంటున్నారు. జాబ్ కార్డు మీద కార్లు యజమాని బాధ్యతపైనే ఉంచుతాం అని ముద్రించి ఉంది. ఏం చేయాలి?
(ఒక పాఠకుడు, కాకినాడ)

జవాబు: ఆటోవారికి కలిగిన నష్టం మేరకు మీ థర్డ్ పార్టీ బీమా పనిచేస్తుంది. మరమ్మతుకు ఇచ్చిన కారును మరమ్మతుదారుడి మనిషి నడిపి ప్రమాదం చేసినా, బాధితులకు కంపెనీ బాధ్యత తప్పదని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది. మీ కారుకు జరిగిన నష్టం మాత్రం సర్వీస్ సెంటర్ భరించవలసినది. భారత ఒప్పందాల చట్టం 151, 152 సెక్షన్ల ప్రకారం, అప్పగించిన వస్తువును తన సొంత వస్తువులా జాగ్రత్తగా చూసుకోవలసిన బాధ్యత తీసుకున్నవారిది. ఆ ముద్రించిన వాక్యం చూసి వెనక్కి తగ్గకండి. హోటల్‌లో పార్కింగ్ కోసం సిబ్బందికి ఇచ్చిన కారు పోయిన కేసులో 2019 నవంబరులో సుప్రీంకోర్టు, పార్కింగ్ చీటీ మీద అలాంటి మాట ఉన్నంత మాత్రాన తమ నిర్లక్ష్యానికి బాధ్యత తప్పించుకోలేరని చెప్పింది.

కాబట్టి మీ ఎన్‌సీబీని వారి పొరపాటుకు ఖర్చు పెట్టవద్దు. సొంత ఖర్చుతో బాగుచేసి ఇస్తామని లిఖితపూర్వకంగా రాయించుకోండి. నిరాకరిస్తే రెండేళ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు, చెల్లించిన సొమ్ము 5,00,000 రూపాయల లోపు ఉంటే రుసుము కూడా లేదు.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఆర్టీసీ బస్సు నా కారు ఎడమ పక్కంతా గీసుకుంటూ వెళ్లింది. ఆర్టీసీ బస్సులకు బీమా ఉండదంటున్నారు. మరి ఎవరిని అడగాలి?
(ఒక పాఠకురాలు, హైదరాబాద్)

జవాబు: పరిహారం చెల్లించడానికి ప్రత్యేక నిధి ఏర్పాటు చేసుకున్న రాష్ట్ర రవాణా సంస్థలకు బీమా నుంచి మినహాయింపు ఇచ్చే వీలు 146వ సెక్షన్‌లోనే ఉంది. బీమా లేనంత మాత్రాన బాధ్యత లేకపోలేదు. సంస్థే నేరుగా చెల్లించాలి. ట్రైబ్యునల్‌లో డ్రైవరునూ ఆర్టీసీనీ ప్రతివాదులుగా చేర్చాలి. అది అద్దె బస్సు అయితే దానికి విడిగా బీమా ఉంటుంది, ఆ కంపెనీని కూడా చేర్చండి. ఇలాంటి బస్సు విషయంలో బీమా కంపెనీ బాధ్యత నుంచి తప్పించుకోలేదని సుప్రీంకోర్టు 2011లో ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఒక కేసులో తేల్చింది.

గీతలూ సొట్టలూ మాత్రమే అయితే మొదటి ప్రశ్నకు చెప్పిన లెక్కే మీకూ వర్తిస్తుంది. ముందుగా ఆ బస్సు డిపో మేనేజరుకు ఫొటోలు, మరమ్మతు అంచనా జతచేసి స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపండి. అందులో బస్సు రిజిస్ట్రేషన్ నంబరుతో పాటు రూటు నంబరు, ప్రమాదం జరిగిన స్టాపు, సమయం తప్పక రాయండి, ఆ సర్వీసు ఆ సమయంలో ఎవరు నడిపారో డిపో రికార్డుల్లో వాటి ఆధారంగానే దొరుకుతుంది.